చైను మిషను కింద చూడండి



వరి కోతలు మొదలయ్యాయంటే అల్లూరు, విడవలూరు మొదలుకొని ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు దాకా నెల్లూరు జిల్లా సముద్రం పక్క మండలాల్లో అందరి నోటా ఒకటే మాట. చైను మిషను, అంటే టైర్లకు బదులు రబ్బరు చైన్ల మీద నడిచే కోత మిషను, దొరికిందా, లేదా? టైరు మిషనుకు గంట బాడుగ తక్కువే. అయినా రైతు చైను మిషను కోసమే కాచుకుంటాడు. పెన్నా డెల్టా నేల నల్లని జిగట నేల. మీద ఎండి నెర్రెలు కనిపిస్తున్నా జానెడు లోతున తడి అట్లాగే ఉంటుంది. కాలువ చివరి కయ్యల్లో మురుగు త్వరగా దిగదు. ఎడగారు పంటైతే వానల్లోనే కోతకు వస్తుంది. అట్లాంటి కయ్యలో టైరు మిషను దిగితే కూరుకుపోతుంది. కూరుకుపోకపోయినా మోకాలి లోతు గాడి పెట్టి పోతుంది. ఆ గాడిని చదును చేసుకునే ఖర్చు మళ్లీ రైతు మీదే పడుతుంది.

అందుకే చైను మిషను. కానీ ఆ చైను కయ్య నడిమధ్య ఊడిపోతే? అటు ట్రాక్టరు దిగదు, ఇటు క్రేను రాదు. మబ్బు పట్టి ఉంటుంది, వడ్లు కంకుల మీదే ఉంటాయి. మెకానిక్కు నెల్లూరు నుంచి రావాలి, సామాను ఎక్కడో ఉంటుంది. ఆ కష్టాన్ని చాలావరకు మన చేతులతోనే ఆపుకోవచ్చని నా నమ్మకం. చైను కింద ఏముందో, ఏది ముందు పాడవుతుందో, దాన్ని మన చేత్తో ఎంతవరకు బాగుచేసుకోవచ్చో ఈరోజు చెప్పుకుందాం.

ముందు ఒక లెక్క. మూడు టన్నుల మిషను అనుకోండి. చైను వెడల్పు 45 సెంటీమీటర్లు, నేలకు ఆనే పొడవు 160 సెంటీమీటర్లు. అట్లాంటి చైన్లు రెండు. అంటే 14,400 చదరపు సెంటీమీటర్ల జాగా మీద 3,000 కిలోల బరువు. భాగిస్తే చదరపు సెంటీమీటరుకు రెండు వందల గ్రాముల పైచిలుకు. 70 కిలోల మనిషి నడిచేటప్పుడు ఒక అడుగు కింద పడే ఒత్తిడి ఇంతకంటే ఎక్కువే. మన కాలు దిగబడే చోట మూడు టన్నుల ఇనుము దిగబడకుండా పోవడానికి కారణం ఇదే. అయితే ఈ లెక్క నిజం కావాలంటే చైను పొడవునా బరువును సమంగా పంచాలి. ఆ పంచే పని చేసేవి చైను లోపల వరసగా కనిపించే చిన్న చక్రాలు, వాటినే మనం రోలర్లు అంటాం. ఒక రోలరు బిగుసుకుపోయినా, వంగినా, ఊడినా ఆ బరువు పక్క రోలర్ల మీదికి పోతుంది. అక్కడ చైను మీద ఒత్తిడి పెరుగుతుంది, అక్కడే నేల దిగబడుతుంది.

ఈ ఆలోచన బాగా పనికొచ్చింది కూడా మన నేలలాగే దిగబడే నేలలోనే. కాలిఫోర్నియాలో స్టాక్టన్ పట్టణం దగ్గర నదీ డెల్టా ఉంది. కుళ్లిన ఆకులూ వేర్లతో నిండిన మెత్తటి నేల. ఆవిరి ట్రాక్టర్లకు ఎంత వెడల్పు చక్రాలు తొడిగినా దిగబడిపోతుంటే, బెంజమిన్ హోల్ట్ అనే ఆయన చక్రాలు తీసేసి చెక్కపలకల గొలుసు బిగించాడు. 1904 నవంబరులో ఆ బండి డెల్టా పొలంలో నడిచింది. అంతకు మూడేళ్ల ముందే, 1901లో, మెయిన్ రాష్ట్రంలో ఆల్విన్ లాంబార్డ్ మంచు మీద దుంగలు లాగే గొలుసు బండికి పేటెంటు తీసుకున్నాడు. ఒకరికి బురద, ఇంకొకరికి మంచు. ఇద్దరికీ దొరికిన దారి ఒక్కటే.

మంచు మాట ఎందుకు తెచ్చానంటే, రబ్బరు చైనును అక్కడ ఎంతో దూరం తీసుకుపోయారు. కెనడాలోని క్విబెక్‌లో జోసెఫ్ అర్మాన్ బొంబార్డియే అనే మెకానిక్కు ఉండేవాడు. 1934 శీతకాలంలో ఆయన రెండేళ్ల కొడుకుకు జబ్బు చేసింది. దారులన్నీ మంచుతో మూసుకుపోయి ఆసుపత్రికి చేర్చలేక బిడ్డ పోయాడు. మంచు మీద నడిచే బండి కోసం అప్పటికే పాటుపడుతున్న ఆ తండ్రి 1937లో పళ్ల చక్రం, రబ్బరు పట్టా కలిసి నడిచే ఏర్పాటుకు పేటెంటు పొందాడు. ఒకరిద్దరు కూర్చుని పోయే స్కీ-డూ అనే చిన్న బండి 1959లో వచ్చింది. దాన్నే స్నోమొబైల్ అంటున్నారు. అమెరికా, కెనడా చలి రాష్ట్రాల్లో ఉన్న మన పిల్లలు ఫొటోల్లో చూపిస్తుంటారు.

ఆ మంచు బండికి వెనక ఒకే పట్టా. పట్టా లోపల రెండు పొడవాటి కమ్మీలు, చిన్న చక్రాలు, బలమైన స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు ఉంటాయి. కమ్మీల అడుగున ప్లాస్టిక్ పట్టీ వేసి ఉంటుంది, దాని మీద రబ్బరు పట్టా జారుతూ పోతుంది. ఆ జారుడుకు నూనె మంచే, చల్లదనం కూడా మంచే. మంచు లేని గట్టి నేల మీద నడిపితే ఆ పట్టీ వేడెక్కి కరిగిపోతుంది. చలి దేశాల్లో చాలామంది ఓనర్లు ఈ వెనక భాగాన్ని మొత్తం ఇంటి దగ్గరే విప్పి, పట్టీలు మార్చి, చక్రాల బేరింగులు వేసుకుని, మళ్లీ బిగించుకుంటారు. దుకాణం దూరం, మంచు కాలం చిన్నది. మన కోతల కాలం కూడా అట్లాంటిదే కదా.

మన మిషనులో అంత పెద్ద స్ప్రింగులు ఉండవు. కారణం వేగం. మంచు బండి గంటకు వంద కిలోమీటర్లు దూకుతుంది, గుంత తగిలితే మనిషి నడుము విరుగుతుంది. కోత మిషను కయ్యలో మనిషి నడక వేగంతో పోతుంది. బురదే దానికి మెత్త, రబ్బరే దానికి స్ప్రింగు. కొన్ని మిషన్లలో రోలర్లు జంటగా ఊగేటట్టు బిగిస్తారు, గెనిమ ఎక్కేటప్పుడు చైను నేలను వదలకుండా ఉండటానికి. అంతే. అందుకే తారు రోడ్డు మీద చైను మిషను నడిపితే దెబ్బంతా నేరుగా రోలర్లకు, బేరింగులకు తగులుతుంది. రబ్బరు దిమ్మలు అరిగిపోతాయి. పక్క ఊరేగా అని రెండు మూడు కిలోమీటర్లు రోడ్డు మీద తోలుకుపోయే అలవాటు మంచిది కాదు. లారీ బాడుగ మిగిలిందనిపిస్తుంది గానీ, చైను ఆయుష్షులోంచి ఆ డబ్బు పోతుంది.

ఇప్పుడు అసలు మాట. చైను తెగిందంటే, ఊడిందంటే మనం చైనునే తిడతాం. నిజానికి చాలాసార్లు చైను ఆఖరున పోతుంది. ముందు ఒక సీలు పోయి ఉంటుంది. సీలు పోతే నీళ్లు బేరింగులోకి పోతాయి. బేరింగు తుప్పు పట్టి బిగుసుకుంటే రోలరు తిరగడం మానేస్తుంది. తిరగని రోలరు చైను లోపలి రబ్బరును కత్తిలా గీస్తుంది. లోపలి ఉక్కు తీగలు బయటపడతాయి, నీళ్లు తగిలి తుప్పు పడతాయి, ఒకరోజు పుటుక్కున తెగుతాయి. కొద్ది డబ్బుతో కొనే సీలు దగ్గర మొదలైన కథ వేలల్లో ఖరీదు చేసే చైను దగ్గర తేలుతుంది. కాబట్టి కోతలకు నెల ముందే మిషను కింద పడుకుని చూడాల్సింది రోలర్లను.

ఎట్లా చూడాలి? మిషనును గట్టి నేల మీద పెట్టి, ఒక పక్క జాకీతో లేపి, చాసిస్ కింద కొయ్య దిమ్మలు పేర్చి, బరువు దిమ్మల మీదికి దించండి. చైను వదులు చేసి ఒక్కో రోలరును చేత్తో తిప్పండి. మెత్తగా, చప్పుడు లేకుండా తిరిగితే బాగుంది. గరగరమంటే బేరింగు పోతున్నట్టు. రెండు చేతులా పట్టుకుని పక్కకు ఊపినప్పుడు అటూ ఇటూ ఆడితే బేరింగో, షాఫ్టో అరిగినట్టు. చుట్టూ నల్లగా తడిగా గ్రీజు కారిన మరక ఉంటే సీలు పోయినట్టు. సుద్దముక్కతో గుర్తు పెట్టుకుంటూ పోండి. ఒక పూట పని ఇది.

రోలరు విప్పినప్పుడు చాలామంది షాఫ్టు చుట్టూ చుట్టుకున్న గడ్డిని గమనించరు. వరిగడ్డి సన్నని తాడులాగా పేనుకుపోయి సీలు అంచు కిందికి దూరుతుంది. బురదలోని ఇసుక దానికి అంటుకుంటే అది ఆకురాయే. రోజూ సాయంత్రం మిషను ఆపాక కొడవలి ముక్కుతోనో, వంచిన ఇనుప కొక్కెంతోనో ఆ గడ్డి లాగేస్తే సీళ్లు ఎంతో కాలం నిలుస్తాయి. ఇంకో అలవాటు కూడా మానుకోవాలి. సర్వీసింగు గొట్టంతో కొట్టే నీళ్ల జోరును నేరుగా సీలు మీద పెట్టకండి. బయటి బురద పోతుంది గానీ, నీళ్లు లోపలికి ఎక్కుతాయి. చైను మీద, చాసిస్ మీద కొట్టండి. రోలరు కొసల దగ్గర మామూలు గొట్టంతో, చేత్తో కడగండి.

బేరింగు మార్చడం ఇంట్లో చేసుకోదగ్గ పనే. సర్‌క్లిప్పు తీసి, పుల్లరుతో బేరింగు లాగి, షాఫ్టు తుడిచి చూడండి. సీలు కూర్చునే చోట వేలిగోటికి గాడి తగిలితే కొత్త సీలు వేసినా లాభం లేదు, షాఫ్టు కూడా మార్చాల్సిందే. కొత్త బేరింగును గుల్లలోకి దించేటప్పుడు దాని బయటి రింగు మీదే కొట్టాలి. షాఫ్టు మీదికి ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీదే కొట్టాలి. తారుమారైతే ఆ దెబ్బ గుండ్ల మీద పడి కొత్త బేరింగే మొదటి రోజు నుంచి గరగరమంటుంది. సరైన కొలత పైపు ముక్క ఒకటి దగ్గర పెట్టుకుంటే నాలుగు వైపులా సమంగా దిగుతుంది. సీలు పెదవి బురదను బయట ఆపే వైపుకు ఉండాలి. పాత సీలు తీసేముందే అది ఎటు చూస్తోందో గుర్తు పెట్టుకోండి. నీళ్లకు కొట్టుకుపోని గ్రీజు వాడండి.

రోలర్లు సరిగ్గా ఉన్నాయంటే తరువాత చూడాల్సింది బిగువు. చైనుకు ఒక కొసన పళ్ల చక్రం, రెండో కొసన ఐడ్లరు అనే చక్రం ఉంటాయి. ఐడ్లరును వెనక్కి నెట్టే పొడవాటి బోల్టు, దానికి లాకు నట్టు ఉంటాయి. మిషనును లేపి ఉంచితే చైను కింది భాగం వేలాడుతుంది. మధ్య రోలరు అడుగుకూ చైను లోపలి అంచుకూ మధ్య సందు ఎంతుందో స్కేలుతో కొలవండి. రబ్బరు చైన్లకు సాధారణంగా ఇది ఒకటి రెండు సెంటీమీటర్లు ఉంటుంది. మీ మిషనుకు కచ్చితంగా ఎంత ఉండాలో కంపెనీ ఇచ్చిన పుస్తకంలో బొమ్మతో సహా ఉంటుంది. కుబోటా అయినా, క్లాస్ అయినా ఆ పుస్తకం మిషనుతోపాటు ఇస్తారు. దాన్ని బీరువాలో దాచిపెట్టకుండా డ్రైవరు చేతికివ్వండి.

వదులైతే చైను ఊడుతుందని అందరికీ తెలుసు. మరీ బిగిస్తే ఏమవుతుందో కొందరే పట్టించుకుంటారు. ఐడ్లరు బేరింగు మీద, పళ్ల చక్రం షాఫ్టు మీద రాత్రింబవళ్లు లాగుడు ఉంటుంది. ఇంజను శక్తిని ఆ లాగుడే తినేస్తుంది, డీజిలు ఎక్కువవుతుంది, రబ్బరులోని ఉక్కు తీగలు సాగుతాయి. ఊడిపోతుందన్న భయంతో కొలవకుండా బిగించడం మన దగ్గర ఎక్కువ. కొలిచి బిగించండి. రెండు పక్కలా ఒకే సందు ఉండేటట్టు చూడండి, తేడా ఉంటే మిషను ఒక వైపుకు లాగుతుంది.

రొయ్యల గుంటలు తవ్వే పొక్లెయిన్ల వాళ్లకు ఇక్కడ ఒక హెచ్చరిక. వాటికి బోల్టు ఉండదు, గ్రీజు సిలిండరు ఉంటుంది. గ్రీజు కొడితే బిగుస్తుంది, వాల్వు వదిలితే వదులవుతుంది. ఆ సిలిండరులో ఒత్తిడి చాలా ఎక్కువ. వాల్వును ఎప్పుడూ పూర్తిగా విప్పకూడదు, ఒక చుట్టు మాత్రమే వదిలి ఆగాలి. ముఖం గానీ, ఒళ్లు గానీ దానికి ఎదురుగా పెట్టకూడదు. ఎగిరొచ్చిన వాల్వు ప్రాణం తీస్తుంది.

ఇక కయ్యలో చైను ఊడినప్పటి మాట. ఎందుకు ఊడుతుంది? ఉన్నచోటే గిర్రున తిప్పడం ఒకటి. గెనిమను ఏటవాలుగా ఎక్కించడం రెండోది, అప్పుడు ఒక చైను గాల్లో, ఇంకొకటి నేల మీద ఉండి పక్కకు నెట్టుకుపోతుంది. పళ్ల చక్రానికీ చైనుకూ మధ్య బురద, దుబ్బులు గట్టిపడి ఇరుక్కోవడం ఇంకొకటి. గెనిమ ఎప్పుడూ నేరుగా, మెల్లగా ఎక్కాలి. మూల తిరిగేటప్పుడు కాస్త ముందుకూ వెనక్కూ పోతూ పెద్ద మలుపు తీసుకోవాలి. మూలన నాలుగు మోపుల పంట మనుషులతో ముందే కోయించి పెట్టే రైతు మిషనుకూ, తనకూ మేలు చేసుకుంటున్నట్టే.

ఊడింది కదా, ఏం చేయాలి? మొట్టమొదట ఇంజను ఆపి, తాళంచెవి తీసి, మిషను కింద చేయి పెట్టే మనిషి తన జేబులో వేసుకోవాలి. ఈ ఒక్క పద్ధతిని నేను ప్రాధేయపడి అడుగుతున్నాను. పైన ఒకరు, కింద ఒకరు, మధ్యలో అరుపులు, "కొంచెం తిప్పు" అన్న మాట "తిప్పు" అని వినబడితే వేళ్లు పోతాయి. తరువాత ట్యాంకులో వడ్లుంటే గోతాల్లోకి దించేసి బరువు తగ్గించండి. బురద, గడ్డి పారతో తీసేయండి. జాకీ నేరుగా బురదలో పెడితే అదే దిగబడుతుంది, కింద వెడల్పాటి పలక వేయండి. లేపిన వెంటనే చాసిస్ కింద దిమ్మలు పెట్టండి. ముందున్న కోత భాగాన్ని నేలకు నొక్కి, హైడ్రాలిక్ బలంతో బండిని లేపి దాని కింద దూరేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. ఎక్కడ పైపు కారినా బండి మెల్లగా మీదికి దిగిపోతుంది.

బోల్టు పూర్తిగా వదులు చేసి ఐడ్లరును లోపలికి నెట్టాక, చైనును ముందు పళ్ల చక్రం మీద కూర్చోబెట్టాలి. చైను లోపలి ఇనుప దిమ్మల మధ్యకు పళ్లు సరిగ్గా దిగాలి. తరువాత రోలర్ల మీదుగా సర్ది, ఆఖరున ఐడ్లరు మీదికి పలుగుతో ఎత్తాలి. పలుగు మొన రబ్బరులోకి దిగకుండా చదునైన కొసే వాడండి. సగం ఎక్కాక మనుషులందరూ దూరం జరిగి, అప్పుడే ఇంజను వేసి, అతి నిదానంగా చైనును తిప్పితే మిగతాది ఎక్కుతుంది. మళ్లీ చేయి పెట్టాలంటే మళ్లీ ఇంజను ఆపాలి, తాళం మళ్లీ జేబులోకి. ఎక్కిన తరువాత కొలత చూసి బిగించి, లాకు నట్టు మరిచిపోకుండా బిగించండి. అది వదులుగా ఉంటే రెండు కయ్యలు దాటేలోపు మళ్లీ ఇదే పని.

పళ్ల చక్రం గురించి రెండు మాటలు. పళ్లు అరిగి కొక్కెంలా వంకర తిరిగితే కొత్త చైను వేసినా నిలవదు, పాత పన్ను కొత్త దిమ్మను కొరికేస్తుంది. చాలా మిషన్లలో ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చి అరగని వైపును కొన్నాళ్లు వాడుకోవచ్చు. అది కూడా అయిపోతే చైనుతోపాటే చక్రమూ మార్చండి.

మన తీరానికి ప్రత్యేకమైన శత్రువు ఉప్పు. బకింగ్‌హామ్ కాలువ పక్క కయ్యల్లో, రొయ్యల గుంటల పక్క పొలాల్లో పనిచేసిన మిషను మంచినీళ్లతో కడక్కుండా వారం ఉంటే బోల్టులు తుప్పెక్కి బిగుసుకుంటాయి. చైను బిగించే బోల్టు మర మీద గ్రీజు రాసి, పాత సైకిలు ట్యూబు ముక్క చుట్టి కట్టండి. కొద్ది ఖర్చుతో పెద్ద కాపలా. రబ్బరు మీద డీజిలు, ఇంజనాయిలు పడితే వెంటనే సబ్బునీళ్లతో కడగాలి, లేకపోతే ఉబ్బి మెత్తబడుతుంది. చైను మీద చిన్న గాటు పడి తీగ కనిపించకపోతే శుభ్రంగా గీరి, ఆరబెట్టి, పంక్చరు షాపు సొల్యూషనుతో, రబ్బరు ముక్కతో మూయొచ్చు. తీగ బయటపడి తుప్పు పట్టి ఉంటే ఆ అతుకు మీద నమ్మకం పెట్టుకోకండి, ఆ చైను ఈ సీజనుకే ఆఖరు.

కోతలైపోయాక మిషను నెలల తరబడి నిలబడి ఉంటుంది. ఎండలో వదిలేస్తే రబ్బరు పగుళ్లు తేలుతుంది. చెట్టు కిందో, రేకుల కిందో, నేల మీద పలకలు పరిచి వాటి మీద నిలపండి. బిగువు కొంచెం సడలించండి. పదిహేను రోజులకొకసారి నాలుగడుగులు ముందుకు, నాలుగడుగులు వెనక్కి నడిపితే రోలర్లు బిగుసుకోవు, చైను ఒకేచోట వంగి ఉండిపోదు.

చివరిగా కొత్త చైను కొనడం గురించి. రబ్బరు చైను మీద సాధారణంగా మూడు అంకెలు అచ్చు వేసి ఉంటాయి. ఉదాహరణకు 450, 90, 56 అని ఉంటే వెడల్పు 450 మిల్లీమీటర్లు, లోపలి ఒక ఇనుప దిమ్మ మధ్య నుంచి పక్క దిమ్మ మధ్యకు 90 మిల్లీమీటర్లు, మొత్తం దిమ్మలు 56 అన్నమాట. పాత చైను మీద అవి అరిగిపోయి ఉంటే టేపు తీసుకుని ఈ మూడూ మీరే కొలిచి, లెక్కపెట్టి, కాగితం మీద రాసుకుని కొట్టుకు పోండి. వీలైతే రెండు పక్కలా ఒకేసారి వేయండి. పాత చైన్లలో కాస్త బాగున్నదాన్ని పారేయకుండా అత్యవసరానికి నీడలో దాచుకోండి.